స్పీచ్ థెరపిస్ట్ పోస్టు ఎప్పుడు భర్తీ చేస్తారు? ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

మంత్రి గారికి నమస్కారం.

పిల్లల్లో లోపాలు ముందే కనిపెట్టి చికిత్సకి పంపే ఎదుగుదల పరీక్షల పథకం గురించి మీకు నేను చెప్పాల్సిన పని లేదు. మా బాబుకీ ఆ పరీక్ష చేశారు, మాట స్పష్టంగా లేదని రాసి, ఇలాంటి పిల్లలకి చికిత్స చేసే ప్రభుత్వ కేంద్రానికి తీసుకెళ్లమన్నారు. వెళ్తే అక్కడ స్పీచ్ థెరపిస్టే లేరు. ఉన్నాయన బదిలీ అయ్యాక ఎవరూ రాలేదట. అర్జీ పెట్టాం, మళ్లీ పెట్టాం, "పరిశీలనలో ఉంది" అన్న జవాబు తప్ప ఏమీ లేదు.

వాడికి నాలుగేళ్లు దాటాయి. మూడేళ్ల పిల్లల మాట కొత్తవాళ్లకి ముప్పాతిక వంతు, నాలుగేళ్లకి దాదాపు అంతా అర్థం కావాలంటారు. వీడు కాకిని తాతి అంటాడు, గోడని దోడ అంటాడు. రెండు మూడేళ్లప్పుడు అలా అంటే కంగారు పడక్కర్లేదు, ర, ష లాంటివి ఇంకా ఆలస్యమైనా పర్లేదు, కానీ క, గ ఈపాటికి వచ్చేయాలి. ఇంట్లో మాకు అర్థమవుతుంది. బడిలో పిల్లలు నవ్వుతున్నారని వాడు నోరు తెరవడమే మానేశాడు, బాత్రూమ్‌కి వెళ్లాలని కూడా చెప్పలేక బట్టలు తడుపుకుని ఇంటికొస్తున్నాడు. ఇది రాస్తుంటేనే నాకు ఏడుపొస్తోంది.

కేంద్రంలో "అదే వస్తుందిలేమ్మా, ఎక్కువ మాట్లాడించండి" అని ఒక కాగితం చేతిలో పెట్టారు. చుట్టాలేమో నాలుక కింది పొర అడ్డొస్తోందని, దాన్ని కోయించమంటారు. అసలు ముందు చెవి పరీక్ష చేయాలి కదండీ, జలుబు చేసి చెవి లోపల నీరు చేరినా మాట సరిగ్గా వినపడదు, వినపడనిది ఎలా పలుకుతాడు? ఆ పరీక్ష చేసేవాళ్లూ లేరట. థెరపీ అంటే ఒకరోజు చూపించుకుని వచ్చేది కాదు. ముందు త కీ క కీ తేడా వినాలి, తర్వాత ఆ శబ్దం విడిగా పలకాలి, ఆపైన మాటలో, వాక్యంలో, వారం వారం వదలకుండా చేయించాలి. కాగితం చూసి మేం తప్పుగా నేర్పుతున్నామేమోనని అదో టెన్షన్. ప్రైవేటుగా చేయించే స్తోమత మాకు లేదు.

లోపం కనిపెట్టి చీటీ రాసిచ్చి, సరిచేసే మనిషిని పెట్టకపోతే ఎలాగండీ? దయచేసి ఆ పోస్టు భర్తీ చేయండి. కాంట్రాక్టు మీదైనా సరే, వేరే కేంద్రం నుంచి వారానికి ఒక్కరోజు పంపినా సరే. చెవి పరీక్ష చేసేవాళ్లనీ పంపండి. వాడు చదవడం, రాయడం మొదలుపెట్టే లోపే ఇది జరగాలి, మాట తేడాగా ఉన్న పిల్లల్లో కొందరికి అక్షరాలూ కష్టమవుతాయి. పరిశీలన అనకుండా ఒక తేదీ చెప్పండి.

ఇట్లు,
నాలుగేళ్ల బాబు తల్లి