కొత్త పటం పక్కన పాత ఎఫ్‌ఎంబీ కూడా పరవాలి

సంపాదకులకు నమస్కారం.

భూముల రీసర్వే గ్రామసభల్లో రైతు చేతికి ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సెల్ మ్యాప్) నెంబరున్న కొత్త పటం ఇచ్చి, సరే అంటే సంతకం పెట్టమంటారు. సరా కాదా అన్నది దేంతో పోల్చి చెప్పాలి? పాత సర్వే నెంబరు తాలూకు ఎఫ్‌ఎంబీ (గట్ల కొలతలు రాసిన పాత సర్వే పుస్తకంలోని పుట), ఊరి పటం అదే బల్ల మీద ఉంటేనే ఆ ప్రశ్నకు జవాబు చెప్పగలం. కొత్త పటానికి ఫొటోలు తీసే డ్రోను ఈరోజు గట్టు ఎక్కడుందో చూపిస్తుంది. ఆ గట్టు అసలు ఎక్కడుండాలో దానికి తెలియదు. పాత పటంలో 60 లింకుల వెడల్పున్న గెడ్డ (వాగు), అంటే సుమారు 12 మీటర్లది, రెండు పక్కలా దున్నేయగా 25 లింకులకు చిక్కిపోయిందనుకోండి. పైనుంచి తీసిన ఫొటోలో అది 25 లింకుల గెడ్డే. బండి బాటలు, చెరువు గర్భాలు, శ్మశానాల సంగతీ అంతే.

మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పటాలకు ఇంకో చిక్కుంది. ఇది జమీందారీ గడ్డ. 1802 నాటి శాశ్వత శిస్తు ఒప్పందంతో జమీందారు పేష్కష్ (ఖాయం చేసిన కప్పం) కట్టేస్తే చాలు, ఏ చేను ఎవరిదన్న గొడవ కుంఫిణీకి (ఈస్టిండియా కంపెనీకి) అక్కర్లేదు. అందుకే తొలినాటి ప్రభుత్వ పటాల్లో కొండలు, కనుమలు, ఏరులు, కోటలు, బాటలు ఉంటాయి గానీ చేనిగట్లు ఉండవు. అదే 1802లో లాంబ్టన్ అనే ఇంగ్లీషు సర్వేయరు మద్రాసు పరంగిమలై దగ్గర ఆధారరేఖ కొలిచి త్రికోణ సర్వే మొదలుపెట్టాడు, 1862లో విశాఖపట్నం దగ్గర మరో ఆధారరేఖ కొలిచారు. ఇవన్నీ దేశపటం కోసం జరిగిన పనులు. 1858లో మద్రాసు రెవెన్యూ సర్వే శాఖ ఏర్పడ్డాక కూడా చేనుచేనూ కొలిచే పని ముందు రైతే నేరుగా సర్కారుకు శిస్తు కట్టే రైత్వారీ గ్రామాలకే దక్కింది. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత గానీ మన జమీందారీ గ్రామాల్లో చాలావాటికి రైత్వారీ పట్టాలు, వాటికి తగ్గ కొలతలు రాలేదు. తాతల నాటి బ్రిటిషు పటమని భద్రంగా దాచుకున్నది తీరా చూస్తే 1950ల నాటిది కావచ్చు. ముందు దాని మీద సంవత్సరం చూడండి.

ఏజెన్సీ సంగతి మరీ ఆలస్యం. 1839 చట్టంతో ఈ కొండలను మామూలు పాలన నుంచి తప్పించి గవర్నరు ఏజెంటు కింద పెట్టారు. ముఠాల (కొండ గ్రామాల గుంపుల మీది పెత్తందారీ) రద్దు 1969లో, షెడ్యూల్డు ప్రాంతాల రైత్వారీ సెటిల్‌మెంటు నిబంధన 1970లో వచ్చాయి. సాలూరు ఎగువన ఒడిశాతో ఉన్న కొటియా 21 గ్రామాల తగాదా సుప్రీంకోర్టు దాకా వెళ్లి, 1968లో యథాతథ స్థితి ఉత్తర్వు పడింది. హద్దు రాయి పడని కొండల్లో ఎవరి గీత వాళ్లదే.

ఇక ఎఫ్‌ఎంబీ చదవడం. కొలతలన్నీ లింకుల్లో ఉంటాయి. గంటరు గొలుసు 66 అడుగులు, అందులో 100 లింకులు, లింకుకు 7.92 అంగుళాలు. 1,000 చదరపు లింకులు ఒక సెంటు, లక్షయితే ఎకరం. రాయి నుంచి రాయికి గీసిన అడ్డగీత జి-లైను, దాని నుంచి మూలలకు లంబంగా తీసిన కొలతలు ఆఫ్‌సెట్లు. జి-లైను 640 లింకులు, ఎడమ మూలకు 250, కుడి మూలకు 310 అనుకుంటే, రెండు ఆఫ్‌సెట్లూ కలిపి 560. దాన్ని 640తో గుణించి సగం చేస్తే 1,79,200 చదరపు లింకులు, అంటే ఎకరా 79 సెంట్లు. ఊరి భూముల పాత రిజిస్టరు ఆర్‌ఎస్‌ఆర్‌లో విస్తీర్ణం దీనికి దగ్గరగా ఉండాలి. ఏ రాయి నుంచి ఏ రాయికి నడిచారో ముందు చూసుకోవాలి. దిశ తిరగబడితే ఎడమ కుడవుతుంది, చేను పక్కవాడి పొలంలో తేలుతుంది.

అసలు పరీక్ష పక్క నెంబరు ఎఫ్‌ఎంబీతో చేయాలి. రెండు నెంబర్లకూ ఉమ్మడిగా ఉన్న గట్టు పొడవు రెండు పుటల్లోనూ ఒకటే ఉండాలి. తేడా వస్తే నకలు రాసినప్పుడు 3ను 8గానో, 0ను 6గానో దించి ఉంటారు. ఇది కొలత తప్పు కాదు, చేతిరాత తప్పు. మూల పుస్తకం తీయించి చూస్తే తేలిపోతుంది.

తప్పులు మామూలుగా వచ్చే చోట్లు కొన్ని ఉన్నాయి. 20 మీటర్ల గొలుసులోనూ 100 లింకులే ఉంటాయి, కానీ అక్కడ లింకు 20 సెంటీమీటర్లు, గంటరు లింకు 20.12. తేడా చూసుకోకుండా లెక్క కడితే 5 ఎకరాలు 5 ఎకరాల 6 సెంట్లయి కూర్చుంటుంది. వాడివాడి సాగిన పాత గొలుసు దీనికి ఎదురు: నూటికి ఒక లింకు సాగితే అదే 5 ఎకరాలు 4.90గా కనిపిస్తుంది. కొండవాలు మీద టేపు నేలబారుగా పరిచి భూమి పెరిగిందనుకునేవాళ్లు చాలామంది. ఎఫ్‌ఎంబీలో ఉన్నది సమతల దూరం. 20 డిగ్రీల వాలులో నేల వెంట 100 లింకులంటే పటంలో 94 మాత్రమే. మెట్లుమెట్లుగా, టేపు మట్టంగా పట్టి, గుండు దారం వదిలి కొలవాలి.

పోయిన రాయిని వెతకాలంటే కదలని రాళ్లు రెండు పట్టుకుని ఎఫ్‌ఎంబీ దూరాలతో రెండు చాపాలు (వంపు గీతలు) గీయండి, అవి కలిసిన చోటును మూడో రాయి నుంచి సరిచూడండి. గట్టు మూల నుంచో, తాటిచెట్టు నుంచో మొదలెట్టారా, ఆ తప్పు చివరిదాకా వెంట వస్తుంది. నాగావళి, వంశధార ఒడ్డున కోసుకుపోయిన నెంబర్లకు ఎగువనున్న రాళ్ల నుంచి కొలుచుకుంటూ రాక తప్పదు. అన్నట్టు, 1923 సర్వే, హద్దుల చట్టం ప్రకారం తన చేనులో రాయిని కాపాడే బాధ్యత పట్టాదారుదే. ట్రాక్టరు తగిలి వాలిన రాయిని మనకు తోచిన చోట పాతేస్తే అది ఇక సాక్ష్యం కాదు.

జిరాక్సు మీద స్కేలు పెట్టి కొలవకండి. కాగితం ముడుచుకుంటుంది, యంత్రం సాగదీస్తుంది. పటం మీద రాసిన అంకెనే నమ్మాలి. పైగా తర్వాత పడిన సబ్‌డివిజన్లను, అంటే ఒక నెంబరును చీల్చిన ముక్కలను, మూల పుస్తకంలో ఎర్ర సిరాతో గీస్తారు, నలుపు-తెలుపు నకలులో ఆ ఎరుపు మామూలు గీతల్లో కలిసిపోతుంది. అన్నదమ్ముల పంపకం రిజిస్ట్రేషనుతోనే ఆగి, సబ్‌డివిజన్ చేయించుకోనిచోట ఆ ఎర్ర గీత అసలు ఉండదు. జాయింటు ఎల్‌పీఎం (పలువురికి ఉమ్మడిగా ఇచ్చిన నెంబరు) తగాదాలు కొన్ని ఇక్కడినుంచే పుడుతున్నాయి.

కాబట్టి అధికారులకు మా మనవి ఇది. గ్రామసభకు వారం ముందే ఊరి పటాన్ని, ఎఫ్‌ఎంబీలను అంచులు తెగకుండా, రంగుల్లో స్కాన్ చేయించి సచివాలయం గోడకు అంటించండి. ప్రతి ఎల్‌పీఎం పక్కన పాత సర్వే నెంబరు, లింకుల్లో పాత గట్టు పొడవు, మీటర్లలో కొత్త పొడవు ఒకే వరుసలో రాయండి. గెడ్డలు, బాటలు, చెరువుల కొలతలు ముందు పెట్టండి, పట్టా భూములు ఆ తర్వాత.

ఇట్లు,
ఒక విశ్రాంత సర్వేయరు,
రాజాం, విజయనగరం జిల్లా