పాస్‌పోర్టు చేతిలో లేనివాళ్లు ఓడ దాకా ఎలా వస్తారు?

గౌరవనీయులైన విదేశాంగ శాఖ మంత్రి గారికి,

తిరుపతి నుంచి నమస్కరించి రాస్తున్నాను.

2023 ఏప్రిల్‌లో సూడాన్‌లో యుద్ధం మొదలైనప్పుడు అక్కడి మనవాళ్లను తెచ్చే ‘ఆపరేషన్ కావేరి’ వార్తల కోసం రోజూ టీవీ ముందే కూర్చున్నాను. మన నౌకాదళం ఓడ ఐఎన్ఎస్ సుమేధ మొదటి విడతలోనే 278 మందిని పోర్ట్ సూడాన్ నుంచి సౌదీలోని జెద్దాకు చేర్చింది. సూడాన్ రాజధాని ఖార్టూమ్ దగ్గరున్న వాడీ సీద్నాలో లైట్లు కూడా లేని రన్‌వే మీద మన పైలట్లు రాత్రిపూట విమానం దించి 121 మందిని తెచ్చారు. అందులో ఒక గర్భిణి ఉందని విని ఏడ్చేశాను. ఆ పైలట్లకు చేతులెత్తి మొక్కుతాను.

నా దిగులంతా ఆ ఓడ దాకా, ఆ విమానం దాకా రావడం గురించే. ఖార్టూమ్ నుంచి పోర్ట్ సూడాన్ దాదాపు 850 కిలోమీటర్లు. కాల్పుల మధ్య బస్సు ఎక్కాలన్నా, ఎక్కడికి రావాలో ముందు కబురు అందాలి కదా!

మా చెల్లి కువైట్‌లో ఇంటిపనికి వెళ్లి ఆరేళ్లయింది. పాస్‌పోర్టు కఫీల్ (పనిలో పెట్టుకున్న యజమాని) బీరువాలో ఉంది. శుక్రవారం ఒక్కరోజే ఫోన్ చేతికిస్తారు. అడ్రసు అడిగితే, “వీధి పేరు తెలీదక్కా, ఇంటి ఎదురుగా మసీదుంది, పక్కన బేకరీ” అంటుంది. ఆ గుర్తులతో ఎవరు వెతుకుతారు? గల్ఫ్‌లో టెన్షన్ అని వార్త వస్తే చాలు, మా అమ్మకు ముద్ద దిగదు.

1990లో కువైట్ మీద ఇరాక్ దండెత్తినప్పుడు మా చిన్నాయన ఎడారి దాటి జోర్డాన్‌లోని అమ్మాన్ చేరి, అక్కడినుంచి ఎయిరిండియా విమానంలో వచ్చాడు. అలా 1,70,000 మందికి పైగా వచ్చారట. ఆయన చేతిసంచిలో ఎండిపోయిన కుబూస్ రొట్టెలు రెండు మిగిలాయి. పేరు రాయించుకోవడానికి లైన్లో నిలబడిన రోజులే నరకమని ఇప్పటికీ అంటాడు.

అందుకే అడుగుతున్నాను. ఇంటిపనికి వెళ్లే ప్రతి మనిషి అడ్రసూ, ఇక్కడి ఇంటివాళ్ల నంబరూ విమానం ఎక్కకముందే రాసుకోండి. విజిట్ వీసా మీద ఏజెంట్లు పంపినవాళ్ల పేర్లు ఏ లిస్టులోనూ ఉండవు, వాళ్లనూ చేర్చండి. పాస్‌పోర్టు కఫీల్ దగ్గరుంటే, ఎంబసీ వెంటనే దాని బదులు ఇంటికి రావడానికి పనికొచ్చే ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఇచ్చి పంపాలి. ఢిల్లీలో దిగాక మనవాళ్లు దిక్కులు చూడకుండా, నేరుగా రేణిగుంటకు ఒక విమానం వేయండి.

శుక్రవారం చెల్లి మళ్లీ ఫోన్ చేస్తుంది. ఆపదొస్తే ఎవరికి చెప్పుకోవాలని అడుగుతుంది. తెలుగులో పలికే ఒక్క నంబరు ఇవ్వండి సార్, తనతో బట్టీ పట్టిస్తాను.

ఇట్లు,
తిరుపతి నుంచి ఒక అక్క