బడి మీటింగుకి మామ్మల్నీ లెక్కలో వేసుకోండి

సంపాదకుల వారికి నమస్కారం.

మాది శ్రీకాకుళం జిల్లా లావేరు మండలంలో ఒక ఊరు. నేను ఎనిమిదో తరగతి వరకు చదివాను. ఇరవై ఏళ్లుగా మా డ్వాక్రా సంఘం పుస్తకాలు రాస్తున్నాను కాబట్టి ఈ ఉత్తరం రాయగలుగుతున్నాను. నా కొడుకూ కోడలూ హైదరాబాదులో బిల్డింగు పనికి వెళ్తారు. వాడిది సెంట్రింగు పని, ఆ పిల్ల ఇసుక, ఇటుకలు మోస్తుంది. సంక్రాంతికి వస్తారు. పండగ వెళ్లిన వారంలోపే ఆమదాలవలస స్టేషన్లో విశాఖ ఎక్స్‌ప్రెస్ ఎక్కేస్తారు. మనవరాలు నాలుగో తరగతి, మనవడు రెండో తరగతి. ఇద్దరూ నా దగ్గరే ఉంటారు.

మా రోజుల్లో వలస వెళ్తే పిల్లల్నీ వెంటేసుకుపోయేవాళ్లం. నా కొడుకు చదువు అలాగే ఐదో తరగతిలో ఆగిపోయింది. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నాకు కష్టంగా ఉంటుంది. ఇప్పుడు పిల్లలు ఊళ్లో ఉండి చదువుకుంటున్నారంటే అది బడి పుణ్యమే. మధ్యాహ్నం అన్నం, గుడ్డు, చిక్కీ, రాగిజావ బడిలోనే పెడుతున్నారు. బ్యాగు, బూట్లు, పుస్తకాలు ఇస్తున్నారు. 2020 జనవరిలో పిల్లల్ని బడికి పంపే తల్లులకి డబ్బిచ్చే అమ్మ ఒడి పథకం వచ్చింది. 2025 జూన్ నుంచి తల్లికి వందనం అని ఇంట్లో ఎంతమంది చదువుతుంటే అంతమందికీ ఇస్తున్నారు. ఒక్కొక్కరికి ఏడాదికి ఇచ్చే 15 వేలలో బడి నిర్వహణకి 2 వేలు పోను 13 వేలు తల్లి ఖాతాలో పడుతున్నాయి. హాజరు 75 శాతం ఉండాలన్న నియమం కూడా మంచిదే. ఆ నియమం వల్లే మా వీధిలో నలుగురైదుగురు పిల్లలు తల్లిదండ్రులతో వెళ్లకుండా ఆగారు. కానీ వాళ్లు ఎవరి దగ్గర ఆగారు? మాలాంటి ముసలివాళ్ల దగ్గరే కదా. బడి రికార్డుల్లో మాత్రం మా పేరు ఎక్కడా కనపడదు.

గడిచిన వానాకాలం ఒకరోజు మనవడికి బడిలో జ్వరం వచ్చింది. రికార్డులో ఉన్నది నా కొడుకు నంబరు, టీచరు దానికే ఫోను చేశారు. వాడు స్లాబు మీద ఉన్నాడు, ఫోను కింద అన్నం సంచిలో ఉంది. వాడు దిగి చూసుకుని నాకు చెప్పేసరికి రెండు గంటలు దాటింది. బడికీ మా ఇంటికీ మధ్య ఉన్నది ఒక రావిచెట్టు, ఒక బోరింగు, అంతే! నేను వెళ్లేసరికి వాడు బల్ల మీద ముడుచుకుని పడుకున్నాడు, ఒళ్లు కాలిపోతోంది. టీచరు తడిగుడ్డ వేస్తూ పక్కనే కూర్చుని ఉన్నారు. ఆవిడ తప్పేమీ లేదు. కాగితం మీద రెండో నంబరుకి చోటు లేదు. సెలవు కబురైనా, టీకా కబురైనా ముందు హైదరాబాదు వెళ్లి, రాత్రికి మా ఇంటికి వస్తోంది.

2024 డిసెంబరు 7న రాష్ట్రమంతా బడుల్లో తల్లిదండ్రుల మీటింగు పెట్టారు. నిజంగా పండగలా జరిగింది. తల్లులకి ముగ్గుల పోటీ అన్నారు. నేనూ మోకాళ్లు పట్టుకుని కూర్చుని ముగ్గు వేశాను. మా మనవరాలు పక్కన కూర్చుని రంగులందించింది. 2025 జులై 10న మళ్లీ పెట్టినప్పుడు తల్లి పేరున మొక్క నాటమన్నారు. అది వాళ్లమ్మ పేరు చెప్పి నేరేడు మొక్క నాటింది. వాళ్లమ్మ ఆ మొక్కని ఫోటోలోనే చూసింది. రోజూ చెంబుతో నీళ్లు పోస్తున్నది మేమిద్దరం. ఇలాంటి మీటింగులు ఆపవద్దనే నా కోరిక. వేళ ఒక్కటి మార్చాలి. ఉభాల రోజుల్లో, అంటే వరి నాట్లు వేసేటప్పుడు, పొద్దున్న పదింటికి మీటింగంటే ఆ రోజు కూలి పోయినట్టే. మా వీధిలో సగం మంది అందుకే రారు. వాళ్లకి పిల్లల మీద శ్రద్ధ లేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

ఇంకో సంగతి. ఆ టీచరే ఒక ఆదివారం తన ఫోనులో నా కొడుక్కి వీడియో కాల్ కలిపారు. అప్పుడే పని దిగినట్టున్నాడు, కనుబొమల మీద సిమెంటు అలాగే ఉంది. మనవరాలు తెలుగు పుస్తకం తీసి ఒక పేజీ అంతా ఆగకుండా చదివింది. వాడు ఏమీ అనలేదు. కాసేపటికి "మళ్లీ సదువమ్మా" అన్నాడు. అది మళ్లీ చదివింది. ఆ రోజు నుంచి రాత్రి ఫోను వస్తే ముందు డబ్బు సంగతి కాదు, "ఇయాల ఏటి సదివినావు" అని అడుగుతున్నాడు. దానికి ఏ పథకమూ పెట్టలేదు, పైసా ఖర్చు కాలేదు. ఆ పని జిల్లాలో ప్రతి బడిలో నెలకి ఒకసారి చేయిస్తే ఎంత బాగుంటుంది! టీచర్ల సెలవు రోజు వాడుకోమని నేను అనను, బడి వేళల్లోనే దానికి ఒక గంట ఇవ్వాలి.

ప్రగతి పత్రాల్లో 'అభ్యసన ఫలితాలు', 'సామర్థ్యాలు' అని రాస్తున్నారు. నేను చదువుకున్నా నాకే సగం అర్థం కాలేదు. ఇది గిడుగు రామ్మూర్తి గారు పుట్టిన జిల్లా. ఆయన సవర పిల్లలకి వాళ్ల మాటలోనే చదువు చెప్పాలని ఆ భాష నేర్చుకుని పుస్తకాలు రాశారు. పిల్లకి కూడికలు వచ్చాయి, తీసివేతలు ఇంకా రావాలి అని రాస్తే మాకు తెలుస్తుంది. చదవడం రానివాళ్లకి ఆ మాటే ఫోనులో మాట్లాడి పంపినా చాలు.

బడి కమిటీల సంగతి కూడా చెప్పాలి. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులు లేదా సంరక్షకులు ఉండాలి, మొత్తంలో సగం మంది ఆడవాళ్లు ఉండాలి. సంరక్షకులు అన్న మాట చట్టంలోనే ఉంది. 2024 ఆగస్టులో ఎన్నికలు జరిగినప్పుడు నేను అడిగితే "తల్లి వస్తే బాగుణ్ను" అన్నారు. తల్లి హైదరాబాదులో ఉందని వాళ్లకీ తెలుసు. ఈసారి ఎన్నికలకి ముందే ఈ మాట అన్ని బడులకీ స్పష్టంగా రాసి పంపాలని విద్యాశాఖ అధికారుల్ని వేడుకుంటున్నాను.

మామ్మ, తాత కూడా లేని పిల్లలున్నారు. మా పక్క వీధిలో ఒక పిల్లాడు పండగ వెళ్లాక తల్లిదండ్రులతో వెళ్లిపోయాడు. తరగతిలో వాడి చోటు ఖాళీ. ఇలాంటి వాళ్ల కోసమే సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ బడుల పథకం కింద సీజనల్ హాస్టళ్లు, అంటే తల్లిదండ్రులు వలస వెళ్లిన నెలల్లో పిల్లలు ఉండే హాస్టళ్లు, పెట్టే వీలుంది. తల్లిదండ్రులు రైలెక్కాక కాదు, అంతకు ముందే డిసెంబరులో ఇంటింటికీ వెళ్లి ఎవరు వెళ్తున్నారో రాసుకుంటే ఆ పిల్లాడు ఇక్కడే చదువుకునేవాడు. ఆ లెక్క రాయడానికి మా సంఘాల ఆడవాళ్లం సాయం చేస్తాం.

వచ్చే మీటింగు సాయంత్రం ఐదింటికి పెట్టండి. మా వీధి నుంచి పదిమంది మామ్మల్ని నేను తీసుకొస్తాను.

ఇట్లు,
ఒక మామ్మ,
లావేరు మండలం, శ్రీకాకుళం జిల్లా