ముప్పై సెకన్ల ఆట, ముప్పై నిమిషాల ఆట

సంపాదకులకు నమస్కారం.

మహిళా ప్రొఫెషనల్ రెజ్లర్ల ఎదుగుదలపై మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసం చదివాను. ఈ ఆటకు ఒక పేజీ కేటాయించినందుకు సంతోషం. కానీ అందులో ఒక మాట మాత్రం మింగుడు పడలేదు. 2015 దాకా ఆడవాళ్లకు ఈ ఆట సరిగా రాదట, ఆ తర్వాత నేర్చుకుని మగవాళ్లతో సమానంగా ఎదిగారట.

నేను ఆడపిల్లలకు జూడో నేర్పుతాను. రెజ్లింగ్ చూడడం మొదలుపెట్టింది రోండా రౌజీ కోసం. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో జూడో కాంస్యం గెలిచిన మనిషి ఆ రింగ్‌లో ఏం చేస్తుందో చూద్దామని. ఆ సరదా అలా వెనక్కి లాక్కుపోయి పాత మ్యాచ్‌లన్నీ చూపించింది. చూశాక నాకు అర్థమైంది ఒక్కటే: పెరిగింది ఆడవాళ్ల నైపుణ్యం కాదు, వాళ్లకిచ్చే టైమ్.

మీరు చెప్పిన 2015నే తీసుకుందాం. ఫిబ్రవరి 23న అమెరికా రెజ్లింగ్ కంపెనీ డబ్ల్యూడబ్ల్యూఈ, వారం వారం వచ్చే తన టీవీ షో ‘రా’లో ఒక ట్యాగ్ మ్యాచ్, అంటే ఇద్దరిద్దరు జట్టుగా ఆడేది, పెట్టింది. ఒకవైపు బెల్లా కవలలు, మరోవైపు పేజ్, ఎమ్మా. మూడు గంటల షోలో ఆ మ్యాచ్ నడిచింది దాదాపు ముప్పై సెకన్లు. పేజ్ తల్లిదండ్రులిద్దరూ రెజ్లర్లే. తను పదమూడో ఏటి నుంచీ రింగ్‌లో ఉంది. అలాంటి అమ్మాయికి ముప్పై సెకన్లు! అభిమానులకు ఒళ్లు మండి, ఆడవాళ్లకు అవకాశం ఇవ్వండంటూ సోషల్ మీడియాను హోరెత్తించారు. అదే ఏడాది అక్టోబర్ 7న, అదే కంపెనీ నడిపే మరో షో ఎన్‌ఎక్స్‌టీలో సాషా బ్యాంక్స్, బేలీ ముప్పై నిమిషాల ఐరన్ మ్యాన్ మ్యాచ్ ఆడారు. టైమ్ అయ్యేలోపు ఎదుటివాళ్లను ఎవరు ఎక్కువసార్లు ఓడిస్తే వాళ్లదే గెలుపు. ఆ రాత్రికి అదే ఆఖరి మ్యాచ్. మధ్యలో సాషా, ముందు వరుసలో కూర్చున్న ఓ చిన్నపిల్ల, బేలీ అభిమాని, ఆ పిల్ల తలకున్న బ్యాండ్ లాక్కుని ఆ పిల్లను ఏడిపించింది కూడా. విలన్ అంటే అలా ఉండాలి. ఆఖరి క్షణాల్లో బేలీ ఆమె చెయ్యి మెలిపెట్టి లొంగదీసి 3-2తో గెలిచింది. ఏడున్నర నెలల్లో ఆడవాళ్లందరూ కొత్తగా ఆట నేర్చేసుకున్నారంటే నమ్మమంటారా?

“అంతా ముందే రాసి పెట్టుకున్నదే కదా” అని కొట్టిపారేసేవాళ్లు ఎలాగూ ఉంటారు. నిజమే, ఫలితం ముందే రాసి ఉంటుంది. నా పాయింటూ అదే. వేరే ఆటల్లో ముప్పై సెకన్లలో ఓడిపోతే చేతకాలేదనుకోవచ్చు. ఇక్కడ ఆ ముప్పై సెకన్లు కూడా ఎవరో కూర్చుని రాసినవే.

పడడం మాత్రం ఎవరూ రాసిపెట్టలేరు. వెల్లకిలా పడేటప్పుడు గడ్డం ఛాతీకి ఆనించాలి, లేదంటే తల వెనక భాగం నేలకు కొట్టుకుంటుంది. చేతులు చాచి అరచేతులతో నేలను గట్టిగా చరచాలి, ఊపిరి బిగబట్టకుండా వదిలేయాలి. మా పిల్లలకు నేను మొట్టమొదట నేర్పేది ఇదే. మాకు కింద మందపాటి మ్యాట్ ఉంటుంది. రెజ్లింగ్ రింగ్‌లో ఇనుప దూలాలు, వాటి మీద చెక్కలు, పైన పల్చటి ఫోమ్, దాని మీద గుడ్డ, అంతే. పైగా జూడోలో ఎదుటి మనిషికి దొరక్కుండా ఉండాలని చూస్తాం. రెజ్లర్లు తమను విసిరే మనిషికి ఒళ్లు అప్పజెప్పేస్తారు. అది ఇంకా కష్టమని నా అభిప్రాయం.

ఇదంతా కొత్తగా వచ్చింది కూడా కాదు. 1930ల్లోనే మిల్డ్రెడ్ బర్క్ సంచార ప్రదర్శనల్లో మగవాళ్లతో తలపడింది. న్యూయార్క్ రాష్ట్రంలోనైతే 1972 దాకా ఆడవాళ్ల రెజ్లింగ్ మీద నిషేధమే ఉంది. 1985 నవంబర్‌లో న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ఇదే కంపెనీ వాళ్లు (అప్పట్లో పేరు డబ్ల్యూడబ్ల్యూఎఫ్) ఛాంపియన్ వెండీ రిక్టర్ మీదికి ‘స్పైడర్ లేడీ’ అనే ముసుగు మనిషిని దింపారు. పారితోషికం విషయంలో వెండీకి, కంపెనీకి అప్పటికే గొడవ నడుస్తోంది. ఎదుటివాళ్ల భుజాలు రెండూ నేలకు ఆనించి రిఫరీ మూడు లెక్కపెట్టేదాకా అదిమి ఉంచితే గెలిచినట్టు, దాన్నే పిన్ అంటారు. వెండీ భుజం లేపినా రిఫరీ గబగబా మూడు లెక్కపెట్టేశాడు. ముసుగు లాగితే లోపల పాత ఛాంపియన్ మూలా! వెండీ ఆ రాత్రే కంపెనీ వదిలి వెళ్లిపోయింది.

సరిగ్గా అదే ఏడాది జపాన్‌లో చూడండి. ఒసాకాలో చిగుసా నగాయో, డంప్ మత్సుమొటో అనే ఇద్దరు రెజ్లర్లు జుట్టు పందెం కట్టి తలపడ్డారు. చిగుసా ఓడిపోయింది. రింగ్ మధ్యలోనే ఆమెకు గుండు గీస్తుంటే, హాలు నిండా ఉన్న స్కూలు అమ్మాయిలు వెక్కి వెక్కి ఏడ్చారు. ఆ మ్యాచ్ చూశాక కూడా 2015 దాకా ఆడవాళ్లకు ఆట రాదని రాసే ధైర్యం ఎవరికైనా ఉంటుందా? అలాగని అక్కడా అంతా బాగుందని కాదు. ఇరవై ఆరేళ్లకే రిటైర్ కావాలనే పద్ధతి ఆ మ్యాచ్ పెట్టిన జపాన్ కంపెనీలో ఉండేది.

డబ్ల్యూడబ్ల్యూఈ ఏటా పెట్టే అతి పెద్ద షో రెజిల్‌మేనియా. 2019లో జరిగిన దాని గురించి మీ వ్యాసంలో చాలా రాశారు. ఆడవాళ్లు తొలిసారి ఆఖరి మ్యాచ్ ఆడిన రెజిల్‌మేనియా అది, కాదనను. కానీ మ్యాచ్ గొప్పగా ఏమీ లేదు. అది ముగిసేసరికి అర్ధరాత్రి దాటింది, జనం అలసిపోయారు. పైగా బెకీ లించ్ పిన్ చేసినప్పుడు రౌజీ భుజం పైకి లేచిందా లేదా అని ఇప్పటికీ వాదించుకుంటున్నారు. నన్నడిగితే 2021లో రెండు రాత్రులు జరిగిన రెజిల్‌మేనియాలో మొదటి రాత్రి ఆఖరున సాషా, బియాంకా బెలేర్ ఆడిన మ్యాచ్ దీనికంటే ఎంతో మెరుగు. బియాంకా తన పొడవాటి జడను కొరడాలా ఝళిపిస్తే ఆ చప్పుడు స్టేడియమంతా వినిపించింది. సాషా పక్కటెముకల మీద ఎర్రగా వాత తేలింది. ఆ మ్యాచ్‌కు మీ వ్యాసంలో దక్కింది ఒక్క వాక్యం, అదీ వాళ్ల దుస్తుల గురించి.

చివరగా ఒక విన్నపం. ఇకముందు రెజ్లింగ్ ఫలితాలు వేసేటప్పుడు ఎవరు గెలిచారన్నదాని పక్కనే మ్యాచ్ ఎన్ని నిమిషాలు సాగిందో కూడా వేయండి. మగవాళ్లవీ, ఆడవాళ్లవీ రెండూ. పెద్ద శ్రమేమీ కాదు.

ఇట్లు,
ఒక జూడో శిక్షకురాలు