డిస్ప్యూట్ సాక్ష్యాలు ఇక మన టూల్ నుంచే, ఆఖరి బటన్ మాత్రం మీ చేతిలోనే

ఈబేలో విదేశాలకు అమ్ముకునే మన కస్టమర్లందరికీ నమస్కారం.

మీలో చాలామంది ఎప్పటినుంచో అడుగుతున్న పని కొత్త వర్షన్‌లో వచ్చింది. కొన్నవాళ్లు తమ బ్యాంకుకో కార్డు కంపెనీకో వెళ్లి "సరుకు అందలేదు", "చెప్పినట్టు లేదు", "ఈ కొనుగోలు నాది కాదు" అని ఫిర్యాదు చేస్తే (దీన్నే డిస్ప్యూట్ అంటారు) మీ డబ్బు ఆగిపోతుంది కదా. అప్పుడు చూపించాల్సిన రసీదులు, ఫొటోలు ఇకపై మన టూల్ నుంచే ఈబేకు పంపవచ్చు. దీనికి అదనపు చార్జీ లేదు.

ఒక సంగతి ముందే చెప్పేస్తాను. ఇది కేసు గెలిపించే టూల్ కాదు. మీ కాగితాలు సరైన చోటికి సరైన రూపంలో చేరేలా చూస్తుంది, అంతే. డబ్బు ఎవరికి అన్నది తేల్చేది కొన్నవాళ్ల బ్యాంకో, కార్డు కంపెనీయో.

ఎక్కువమందికి చిక్కు వచ్చేది ఫైళ్ల దగ్గరే. ఈబే ఏపీఐ (మన టూల్ ఈబేతో మాట్లాడే దారి) జేపెగ్, పీఎన్‌జీ ఫైళ్లు మాత్రమే తీసుకుంటుంది, అదీ ఒక్కోటి 1.5 ఎంబీ దాటకూడదు. మన దగ్గర ఉండేదేమో పీడీఎఫ్ ఇన్వాయిస్, ఫోన్లో తీసిన నాలుగైదు ఎంబీల ఫొటో, ఐఫోన్ ఉంటే హెచ్‌ఈఐసీ ఫైలు. వీటిని మార్చడం, సైజు తగ్గించడం ఇక టూలే చేస్తుంది. అయినా పంపేముందు ప్రివ్యూ తెరిచి చూడండి. పోస్టాఫీసు రసీదు మీద 13 అక్షరాల ఆర్టికల్ నంబరు ఉంటుంది, చివర ఐఎన్ అని. ఫొటో చిన్నది చేశాక ఆ నంబరు చదవడానికి రాకపోతే ఆ రసీదు పంపినా పంపకపోయినా ఒకటే. అలాంటప్పుడు నంబరు, తేదీ ఉన్న భాగం వరకు క్రాప్ చేసి పెట్టండి. వాట్సాప్‌లో చేతులు మారి మసకబారిన ఫొటో మాత్రం ఇవ్వకండి. పెద్ద ఫొటోను మేం చిన్నది చేయగలం, పోయిన అక్షరాలను తిరిగి తేలేం.

ఏ ఫిర్యాదుకు ఏ సాక్ష్యం అన్నది ఇంకా ముఖ్యం. కొండపల్లి అంబారీ ఏనుగు అమ్మారనుకోండి. అందలేదంటే ట్రాకింగ్, డెలివరీ రుజువు పెట్టాలి. రంగు వేరేగా ఉందంటే లిస్టింగ్‌లో పెట్టిన ఫొటో, ప్యాకింగ్ నాడు అదే బొమ్మకు తీసిన ఫొటో పక్కపక్కన పెట్టాలి. తొండం విరిగి వచ్చిందంటే మాత్రం ప్యాకింగ్ ఫొటో సగమే పనికొస్తుంది. మీరు బాగున్న బొమ్మే పెట్టారని అది చెబుతుంది, దారిలో విరగలేదని చెప్పదు. అలాంటి కేసుల్లో పంతానికి పోకుండా ఒప్పుకుని డబ్బు తిరిగిచ్చేయడమే మేలని నా అభిప్రాయం. ఆ బటన్ కూడా అక్కడే ఉంది.

లోపల జరిగేది ఇది: ఒక్కో ఫైలు ఎక్కగానే దానికో ఐడీ వస్తుంది. ఆ ఐడీలకు సాక్ష్యం రకం తగిలించి డిస్ప్యూట్‌కు జోడిస్తాం. చివర్లో "కాంటెస్ట్" (ఫిర్యాదును ఒప్పుకోను, ఇవిగో నా సాక్ష్యాలు అని చెప్పడం) కొట్టాలి. ఒకసారి కాంటెస్ట్ చేశాక కొత్త ఫైలు చేర్చడానికి గానీ, ఉన్నదాన్ని మార్చడానికి గానీ వీలుండదు. ఆ తర్వాత రసీదు దొరికితే పెళ్లయ్యాక జాతకాలు చూసుకున్నట్టే. అందుకే, "మొత్తం ఆటోమేటిక్ చేసేయండి, మాకు టెన్షన్ ఉండదు" అని ఎంతమంది అడిగినా ఆ ఒక్క బటన్ మీకే వదిలేశాం. రేపు కూడా మార్చే ఉద్దేశం లేదు. మీరు అది నొక్కగానే డిస్ప్యూట్ తాజా రివిజన్‌ను (ఈబే దగ్గర ఆ క్షణానికి ఉన్న రూపాన్ని) మళ్లీ తెచ్చుకుని, మధ్యలో ఏమైనా మారి ఉంటే ఆగి మీకు చూపిస్తాం.

గడువు తేదీని ఈబే యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) ఇస్తుంది. మన స్క్రీన్ మీద కనిపించేది భారత కాలమానం. రెండిటికీ అయిదున్నర గంటల తేడా ఉంటుంది కాబట్టి, రెండు చోట్లా వేరే తేదీ కనిపిస్తే కంగారు పడకండి.

కొన్నవాళ్లతో మీరు నడిపిన మెసేజ్‌ల స్క్రీన్‌షాట్లు పెట్టొచ్చు. కానీ కొరియర్ అబ్బాయితో తెలుగులో మాట్లాడుకున్న చాట్ అలాగే పంపితే అవతల చదివేవాళ్లకు ఏం అర్థమవుతుంది? దాని సారం ఇంగ్లీషులో రెండు ముక్కలు నోట్‌లో రాయండి.

పాత కస్టమర్లు మరొక్క పని చేయాలి. డిస్ప్యూట్లకు ఈబే విడిగా అనుమతి అడుగుతుంది, మీరు ఇదివరకు ఇచ్చిన దాంట్లో అది లేదు. సెట్టింగ్స్‌లో "ఈబే ఖాతా మళ్లీ కలపండి" నొక్కి, ఈబే పేజీలో ఒప్పుకుంటే చాలు. ఇప్పటికే డిస్ప్యూట్ నడుస్తున్నవాళ్లు ఈ పని ఇవాళే చేయండి. కుదరకపోతే గడువు దగ్గర పడేదాకా ఆగకుండా మాకు ఫోన్ చేయండి, పక్కనుండి చేయిస్తాం.