పాంక్రియాస్ ఆపరేషన్ల లెక్క బయటపెట్టాలి

సంపాదకులకు నమస్కారం.

పోయిన వారం మీ జిల్లా పేజీలో పాంక్రియాస్‌లో, అంటే పొట్ట వెనకుండే క్లోమగ్రంథిలో, క్యాన్సర్ గడ్డకు అరుదైన ఆపరేషన్ చేశారని, అది విజయవంతమైందని వార్త వేశారు. మంచం చుట్టూ డాక్టర్లు, రోగి చేతిలో పూలగుత్తి. ఆ మనిషి నిండు నూరేళ్లూ బతకాలనే కోరుకుంటాను. కానీ ఆపరేషనై రెండు వారాలైనా కాకముందే విజయవంతం అని ఎలా రాస్తారండీ? ఈ ఉత్తరం రాయాలా వద్దా అని నాలుగు రోజులు ఊగిసలాడి రాస్తున్నాను.

మా బావగారిదీ ఇదే జబ్బు. రెండేళ్ల కిందట కళ్లు పచ్చబడ్డాయి. నొప్పి లేదు, జ్వరం లేదు. ఒంటి దురద ఆగక రాత్రిళ్లు అరుగు మీద కూర్చుని, తువ్వాలు తాడులా మెలిపెట్టి వీపు రుద్దుకునేవారు. మూత్రం టీ డికాషన్ రంగు, విరేచనం సున్నం కలిపినట్టు తెల్లగా. అంతకు మూడు నెలల ముందే, వాళ్లింట్లో ఎవరికీ లేని షుగర్ వచ్చింది. ఊళ్లో అందరూ కామెర్లే అన్నారు. మూడు ఆదివారాలు పసరు తాగించాం, ఉప్పూ నూనే మాన్పించాం, మణికట్టు మీద వాత కూడా పెట్టించాం. ఆ తప్పు మాదే. కానీ ఆ తర్వాత చూపించిన ఆసుపత్రిలో నెల రోజులు లివర్ టానిక్కులు రాశారే తప్ప స్కాన్ మాటే ఎత్తలేదు. చివరికి చెన్నైలో సీటీ తీస్తే, గడ్డ పక్కనున్న రక్తనాళాన్ని చుట్టేసింది, ఇక ఆపరేషన్ కుదరదన్నారు. గడ్డ అడ్డుపడి ఆగిన పైత్యం దిగడానికి స్టెంట్ అనే చిన్న గొట్టం వేసి, కీమో మొదలుపెట్టారు. ఎనిమిది నెలలు బతికారు.

జబ్బు బయటపడేసరికి ఆపరేషన్‌కు వీలుండేది నూటికి 15, 20 మందికేనట. అదీ మామూలు ఆపరేషన్ కాదు. విపుల్స్ అంటారు. పాంక్రియాస్ తల, చిన్నపేగు మొదటి భాగం, పిత్తాశయం, పైత్యనాళం కొంత తీసేసి, మిగిలినవన్నీ మళ్లీ పేగుకు అతకాలి. గంటల తరబడి పని. పాంక్రియాస్ అతుకు లీకైతే ప్రాణం మీదికొస్తుంది. అందుకే చెయ్యి తిరిగిన చోటే చేయించుకోవాలంటారు. అమెరికాలో 2002లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో, ఈ ఆపరేషన్లు బాగా ఎక్కువగా చేసే ఆసుపత్రుల్లో చనిపోయినవారు నూటికి నలుగురి లోపే. ఎప్పుడో ఒకటి చేసే చోట 16 మంది. గట్టెక్కి కీమో చేయించుకున్నా, అయిదేళ్లు నిలిచేది అయిదుగురిలో ఒకరో ఇద్దరో.

మరి మన జిల్లాలో ఏ ఆసుపత్రి ఏడాదికి ఎన్ని చేస్తోంది? ఎంతమంది ఇంటికి వెళ్లారు, ఏడాది తర్వాత ఎంతమంది ఉన్నారు? ఎవరికి తెలుసు? 2007లో ఆరోగ్యశ్రీ వచ్చింది. ప్రభుత్వం మారినప్పుడల్లా పేరు మారుస్తున్నారు, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ. పథకం కింద చేసే ప్రతి కేసుకూ ముందు అనుమతి ఇచ్చేది ప్రభుత్వమే, డబ్బు కట్టేదీ ప్రభుత్వమే. అంటే లెక్క అధికారుల దగ్గరే ఉంది. రోగుల పేర్లు అక్కర్లేదు, ఆసుపత్రుల వారీగా అంకెలు చెప్తే చాలు. రిబ్బన్ కత్తిరింపులకు, ఫొటోలకు దొరికే తీరిక దీనికి దొరకదా? పొలం తాకట్టు పెట్టి, మందుల సంచి ఒళ్లో పెట్టుకుని పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో చెన్నై పోయేవాళ్లను కావలి స్టేషన్లో ఎప్పుడు చూసినా కడుపు తరుక్కుపోతుంది. ఎక్కడికెళ్లాలో చెప్పే దిక్కు లేకే కదా ఆ తిప్పలు!

ఇంకో మాట. యాభై దాటినవారికి నొప్పి లేకుండా కామెర్లు వచ్చినా, కొత్తగా షుగర్ వచ్చి బరువు తగ్గుతున్నా, పసరు కంటే ముందు స్కాన్ చేయించమని ప్రతి పీహెచ్‌సీ గోడ మీద రాయించాలి. ఆశా కార్యకర్తలకూ చెప్పాలి.

మీ విలేకరికీ ఒక మనవి. ఆ పూలగుత్తి పట్టుకున్న మనిషి ఏడాది తర్వాత ఎలా ఉన్నారో వెళ్లి చూసి, అదే పేజీలో రాయించండి.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, కావలి, నెల్లూరు జిల్లా