అది మిస్‌ఫైర్ కాదు

సంపాదకులకు,

తుపాకీ శుభ్రం చేస్తుండగా పేలి ఎవరైనా గాయపడితే చాలు, పత్రికల్లో ‘గన్ మిస్‌ఫైర్’ అని శీర్షిక పెడుతున్నారు. ఆయుధాలతో పనిచేసేవాళ్లకు మిస్‌ఫైర్ అంటే ట్రిగ్గర్ నొక్కినా రౌండు (తూటా) పేలకపోవడం. రౌండుకు నిప్పు పుట్టించే ప్రైమర్‌కు తేమో నూనో తగలడం, స్ప్రింగు బలం తగ్గడం, ప్రైమర్‌ను కొట్టే ఫైరింగ్ పిన్ అరగడం దానికి కారణాలు. పేలలేదని వెంటనే తుపాకీ తెరవకూడదు. రౌండులోని మందు ఆలస్యంగా అంటుకోవచ్చు కాబట్టి గొట్టం గురిపెట్టిన వైపే ఉంచి కనీసం 30 సెకన్లు ఆగాలి.

మీరు రాస్తున్న ప్రమాదం దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఆ మాట వాడితే తప్పు తుపాకీ మీదికి పోయి అసలు కారణం మరుగున పడుతోంది.

చాలాసార్లు ఆ కారణం చాంబర్‌లో, అంటే గొట్టం వెనక రౌండు కూర్చునే గదిలో, మిగిలిపోయిన ఒకే ఒక్క రౌండు. పిస్టల్ మీద ముందుకూ వెనక్కూ జరిగే స్లైడ్‌ను వెనక్కి లాగి వదిలితే మ్యాగజైన్‌లోని (రౌండ్లు పేర్చే పెట్టెలోని) పై రౌండు చాంబర్‌లోకి ఎక్కుతుంది. ఆ తర్వాత మ్యాగజైన్ ఊడదీసినా అది అక్కడే ఉంటుంది. మ్యాగజైన్ చేతికొచ్చింది కదా, ఇక ఖాళీయే అనుకుంటారు. కొన్ని పిస్టళ్లలో భాగాలు విప్పాలంటే ముందు ట్రిగ్గర్ నొక్కాలి. అప్పుడు పిన్ వెళ్లి రౌండు అడుగున ఉన్న ప్రైమర్‌ను కొడుతుంది, ఆ నిప్పుకు మందు అంటుకుని గ్యాస్ అవుతుంది. ఇత్తడి కేసు ఉబ్బి చాంబర్ గోడకు బిగుసుకోవడంతో గ్యాస్‌కు వెనకదారి మూసుకుపోతుంది, బుల్లెట్‌ను తోసుకుంటూ ముందుకే పోతుంది. ఇక్కడ తుపాకీ తన పని తాను సరిగ్గానే చేసింది.

వరుస తప్పినా ఇదే ముప్పు. ముందు స్లైడ్ లాగి, తర్వాత మ్యాగజైన్ తీస్తే పాత రౌండు బయట పడుతుంది, కొత్తది లోపలికి పోతుంది. నేల మీద పడిన రౌండును చూసి ఖాళీ అయిందని నమ్ముతారు. అందుకే గొట్టం ఇసుక వైపు పెట్టి, వేలు ట్రిగ్గర్‌కు దూరంగా ఉంచి, మొదట మ్యాగజైన్ తీయాలి. తర్వాత స్లైడ్ రెండు మూడుసార్లు లాగి, వెనక్కి నిలిపి, చాంబర్‌లోకి కంటితో చూడాలి. చీకట్లో అయితే చిటికెన వేలు పెట్టి తడమాలి. ఎస్‌ఎల్‌ఆర్, ఇన్సాస్ రైఫిళ్లకూ ఇదే వరుస.

సాయుధ పోరాటం నాటి బర్మార్లను మన నల్గొండ పల్లెలు మరిచిపోలేదు. మందు, గుండ్లు గొట్టం మూతి నుంచే దట్టించే ఆ తుపాకీకి తెరిచి చూసే చాంబరే లేదు. దట్టించే కడ్డీని లోపలికి దింపి, బయట ఎంత మిగిలిందో చూస్తేనే లోపల మందు ఉందో లేదో తెలిసేది.

ఇకపై ‘పొరపాటున పేలిన తుపాకీ’ అని రాయండి. మీ విలేకరులు ఘటనాస్థలంలో మొదట అడగాల్సింది, మ్యాగజైన్ తీశాక చాంబర్ ఎవరైనా చూశారా అని.

– ఆయుధాల మరమ్మతు తెలిసిన పాఠకుడు, మిర్యాలగూడ